ఈల వేసిన పళ్లు

ఆ బిల్డింగులో అందరూ ఆమెను పళ్లక్క అనేవారు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు ఆ పేరు విని, "అక్కా, బత్తాయిలున్నాయా?" అని అడిగి తర్వాత నాలిక్కరుచుకున్న సందర్భాలు లేకపోలేదు. ఆమె అమ్మేది తినే పళ్లు కాదు. ఒక దంత వైద్యశాల వెనక గదిలో కూర్చుని పందొమ్మిదేళ్లుగా నోట్లో పెట్టుకునే పళ్ల సెట్లు చేస్తోంది. మైనం, సున్నంలాంటి తెల్లపొడి, గులాబీరంగు ప్లాస్టిక్, చిన్న సాన చక్రం. ఇవే ఆమె లోకం.

ఇంట్లో నాలుగు ప్రాణాలు. ఆమె, అత్తగారు, ఓ కుక్క, ఓ పిల్లి. భర్త ఏడేళ్ల కిందట ఇంకో సంసారం చూసుకుని వెళ్లిపోయాడు. కొడుకు పిలిచినా అత్తగారు వెళ్లలేదు. "నిన్ను కన్నది నేనే, ఆ తప్పు ఒప్పుకుంటాను. నీతో ఉండమంటే మాత్రం నా వల్ల కాదు" అని వాడి మొహం మీదే చెప్పి, కోడలి దగ్గరే ఉండిపోయింది.

జంతువులకు పేర్లు పెట్టింది కూడా అత్తగారే. కుక్క ముసలిది, వెనక కాళ్లలో పట్టు లేదు, గిన్నె దాకా నడవడానికి కూడా ఓ పావుగంట ఆలోచిస్తుంది. దాని పేరు నిదానం. పిల్లి మూడు రంగులది. ఇంట్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో అదే నిర్ణయిస్తుంది. దాని పేరు పెత్తనం. "నాకు పిల్లులంటే పడదు" అని అత్తగారు రోజుకోసారి అనేది. ఆ మాట అంటున్నప్పుడు పిల్లి ఆవిడ ఒళ్లోనే ఉండేది.

బిల్డింగు సెక్రటరీగారిది రెండో అంతస్తు. ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆఫీసరు హోదా ఒంట్లోంచి దిగని మనిషి. ఆయనకు నోటీసు అంటించడం ఊపిరి తీసుకోవడంలాంటిది. మెట్ల దగ్గర చెప్పులు విడవరాదని ఒకటి, లిఫ్టులో గట్టిగా మాట్లాడరాదని ఒకటి, నోటీసుల మీద గీతలు గీయరాదని ఇంకొకటి. ఆయన మెట్లు దిగుతుంటే పిల్లలు ఆట ఆపేసేవారు, కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్లు లేచి దారి ఇచ్చేవారు. పెత్తనం మాత్రం రెండో అంతస్తు మెట్టు మీద ఎండ పడే చోట కాళ్లు చాపుకుని పడుకుని, ఆయన వచ్చినా తోక కొస కూడా కదిపేది కాదు. ఆయనే పక్కకు తప్పుకుని వెళ్లాల్సి వచ్చేది.

ఒకరోజు లిఫ్టు పక్కన పెద్ద నోటీసు కనబడింది. జంతువులను పెంచుతున్న అద్దెదారులు నెలాఖరులోగా ఖాళీ చేయవలెనని, అది సభ్యుల ఏకగ్రీవ నిర్ణయమని దాని సారాంశం. కింద పదకొండు సంతకాలు. అందులో రెండు, ఏడాది కిందటే ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయినవాళ్లవి. ఆ బిల్డింగులో జంతువులున్న అద్దెదారు పళ్లక్క ఒక్కతే. ఇంటి ఓనరు ఫోన్ చేసి, "నాకెందుకమ్మా ఆయనతో గొడవ, మీరే ఏదో చూసుకోండి" అన్నాడు.

సెలవు దొరికినప్పుడల్లా ఇళ్ల కోసం తిరిగారు. ఒకచోట కుక్క అనగానే తలుపేశారు. ఒకచోట కుక్కకు సరేనని పిల్లి దగ్గర ఆగిపోయారు. ఇంకోచోట ఇంటాయన, "కుక్కా, పిల్లీ, పైగా అత్తగారూనా?" అన్నాడు. అత్తగారు ఆయన వాకిట్లోనే నిలబడి పది నిమిషాలు సమాధానం చెప్పింది. చివరికి రెండు వీధుల అవతల, ఒకప్పుడు నర్సుగా పనిచేసిన ఆవిడ ఇంట్లో కింది భాగం దొరికింది. వెనక చిన్న దొడ్డి, చుట్టూ గోడ. "నాకు గోడలకు మేకులు కొడితేనే చిరాకు. కుక్కలు మేకులు కొట్టవు కదా, రండి" అంది ఆవిడ.

సామాన్లు తీసేరోజు పొద్దున లిఫ్టుకు తాళం వేసి ఉంది. పళ్లక్క రెండో అంతస్తుకు వెళ్లి తలుపు తట్టింది.

"లిఫ్టు మనుషులకు. సామాన్లకూ జంతువులకూ కాదు. నోటీసు చూడలేదా?" అన్నారు సెక్రటరీగారు.

"మా కుక్క మెట్లు దిగలేదండీ. ఒక్కసారి తీయండి, చాలు."

"ఒక్కసారే అని అందరూ అంటారమ్మా."

వాళ్లది నాలుగో అంతస్తు. బీరువా, మంచాలు లారీవాళ్లే మోశారు. నిదానాన్ని దుప్పట్లో పడుకోబెట్టి, ఒక కొస పళ్లక్క, ఇంకో కొస లారీ డ్రైవరు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దించారు. పెత్తనం బుట్టలో ఉంది. మూత ఉన్న పేము బుట్ట, చుట్టూ తోలు బెల్టు. ఒకేసారి రెండూ మోయలేక, ముందు బుట్టను రెండో అంతస్తు దాకా తెచ్చి మెట్ల మలుపులో పెట్టి, కుక్క కోసం మళ్లీ పైకి వెళ్లింది. అత్తగారు పైన అలమారాలన్నీ చివరిసారి చూసుకుంటోంది. కుక్కను లారీలో ఎక్కించి, దాని కింద పరుపు సర్ది, పళ్లక్క తిరిగి వచ్చేసరికి ఓ పది నిమిషాలు పట్టి ఉంటుంది.

బుట్ట పెట్టినచోటే ఉంది. ఎత్తితే తేలిగ్గా లేచింది.

లోపల పాత తువ్వాలు తప్ప ఏమీ లేదు. మూత వేసే ఉంది, బెల్టు బిగించే ఉంది. ఆ బెల్టుకు రెండో చిల్లు చిరిగిపోయిందని ఆమె ఎప్పుడూ మూడోదానికే పెట్టేది. ఇప్పుడది రెండోదానికి ఉంది. పిల్లి ఎంత తెలివైనదైనా బయటికొచ్చి మళ్లీ బెల్టు పెట్టుకుని పోదు.

"పెత్తనం! పెత్తనం!" అన్న ఆమె అరుపులకు సెక్రటరీగారు గుమ్మంలోకి వచ్చారు. కుడిచేతిలో పేపరు, ఎడమచేతికి చేతిరుమాలు.

"ఏమైందమ్మా? పిల్లి పోయిందా? పిల్లులు అంతే. వాటికి ఇంటి మీద ఉన్న మమకారం మనుషుల మీద ఉండదు" అన్నారు.

ఆ కంగారులో ఆమెకు అప్పుడేమీ తోచలేదు. బిల్డింగంతా వెతికారు, డాబా మీద ట్యాంకుల వెనకా, కార్ల కిందా వెతికారు. లారీవాళ్లు విసుక్కుంటుంటే ఇక బయలుదేరక తప్పలేదు. కొత్తింట్లో సామాన్ల మధ్య కూలబడ్డాక గాని ఆ చేతిరుమాలు ఆమె కళ్లముందుకు రాలేదు. తెల్ల రుమాలు మీద మూడు ఎర్రటి గీతలు.

మర్నాడు వెళ్లి అడిగింది.

"గులాబీ ముల్లు గుచ్చుకుంది. అయినా మీరెవరమ్మా అడగడానికి? సాక్ష్యం ఉందా?" అన్నారాయన. ఆయన బాల్కనీలో గులాబీ మొక్క కాదు కదా, ఖాళీ కుండీ కూడా లేదు.

ఫొటోతో కాగితాలు అచ్చు వేయించి ఆ చుట్టుపక్కలంతా అంటించింది. పాత బిల్డింగు గోడ మీదివి రెండుసార్లు మాయమయ్యాయి. మూడోసారి వాటి స్థానంలో నోటీసు వచ్చింది. గోడలపై ప్రకటనలు అంటించరాదు.

నిదానం కొత్తింటిని ఇల్లనుకోలేదు. గిన్నె ముందు పెడితే సగం తిని, మిగతా సగం వదిలి పక్కకు జరిగేది. పిల్లి తినేందుకు అది రోజూ వదిలే వాటా అదే. సాయంత్రానికి ఆ సగానికి చీమలు పట్టేవి. పళ్లక్క చీమలు దులిపి, ఆ గిన్నె కడిగి, పొద్దున మళ్లీ నిండా పెట్టేది.

అత్తగారి కోపం నోట్లో ఉండేది. టీ తాగుతూ, బట్టలు మడతపెడుతూ శాపనార్థాలు పెట్టేది. "వాడి పళ్లు రాలిపోను! వాడి నోరు పడిపోను! మెత్తటిది నమలడానికి కూడా గతిలేకుండా పోను!" పళ్లక్క కోపం అలా బయటికి వచ్చేది కాదు. కోపంతో పళ్లు నూరడమని అందరూ ఊరికే అంటారు. ఆమెకు అది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చేసే పని. సాన చక్రం మీద ఒక్కో పన్నూ అరగదీస్తూ, ఆ మనిషిని తలుచుకునేది. ఆయన్ని మెట్ల మీంచి తోసినట్టు, ఆయన తలుపుకు బయట గడియ పెట్టినట్టు, ఆయన నోటీసులన్నీ ఆయన చేతే నమిలించినట్టు. ఊహలన్నీ చక్రం ఆగగానే ఆగిపోయేవి.

ఐదో నెలలో ఓరోజు డాక్టరమ్మ కొత్త కేసు పంపింది. ట్రేలో చిగుళ్ల అచ్చులు, పక్కన చీటీ. చిగుళ్ల జబ్బుతో పైపళ్లన్నీ తీసేశారు, పై సెట్టు కొత్తగా కావాలి. చీటీ మీద పేరు చూసింది. అడ్రసు చూసింది. రెండో అంతస్తు.

ఆమె ఆ అచ్చును చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆయన నోరు ఆమె అరచేతిలో ఉంది.

సాయంత్రం ఇంటికెళ్లి చెప్తే అత్తగారు టీ గ్లాసు కింద పెట్టేసింది. "నిజంగా రాలాయా? అన్నీనా?"

"పైవన్నీ."

"అబ్బ! ఇంకేమైనా అనాల్సింది" అని ఆవిడ విచారపడింది. తర్వాత కోడలి మొహంలోకి చూసి, "ఏం చేస్తావే?" అంది.

"సెట్టు చేస్తాను అత్తయ్యా. అది నా పని."

"అంతేనా?"

ఆమె కింద పెట్టిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

మైనం మీద పళ్లు అమర్చి నోట్లో పెట్టి చూసేరోజు డాక్టరమ్మ ఆమెను ముందు గదిలోకి పిలిచింది. మొహానికి మాస్కు, తలకు టోపీ, కళ్లకు పెద్ద అద్దాలు. ఆయన గుర్తుపట్టలేదు. బోసినోటితో బుగ్గలు లోపలికి పోయి, మనిషి పదేళ్లు ముసలైనట్టున్నారు. ఒక్క క్షణం ఆమెకు జాలి వేసింది. మైనం సెట్టు పెట్టుకోగానే బుగ్గలు నిండాయి, పాత గొంతు తిరిగొచ్చింది, ఆమె జాలి పోయింది.

"‘సన్నసన్నని సూదులు’ అనండి" అంది డాక్టరమ్మ.

"సన్నసన్నని సూదులు." శుభ్రంగా వచ్చింది.

"బాగా కుదిరింది" అన్నారాయన అద్దంలో చూసుకుంటూ. "నేను మీటింగుల్లో మాట్లాడే మనిషిని డాక్టర్‌గారూ. వచ్చే నెల మా సొసైటీ అధ్యక్షుడిగా నిలబడుతున్నాను. ఈసారి బిల్డింగును ఒక దారికి తేవాలి. ఇంతకుముందు కుక్కలూ పిల్లులూ పెట్టుకుని ఒకటే దరిద్రం. నేనే దగ్గరుండి వదిలించాను."

డాక్టరమ్మ మర్యాదకు నవ్వి, చీటీ మీద సంతకం పెట్టింది. ఇక మైనాన్ని కరిగించి ప్లాస్టిక్ పోయడమే మిగిలింది.

పై సెట్టులో ముందు పళ్ల వెనక, నాలుక కొస ఆనేచోట గాలి పోవడానికి కొంచెం వెడల్పాటి దారి ఉండాలి. అది ఉంటే ‘స’ అన్నది ‘స’లా పలుకుతుంది. ఆ దారిని ఇరుకు చేసి మధ్యలో సన్నటి గాడి వదిలితే ఈల వస్తుంది. ఈ పనిలో చేరినవాళ్లకు మొదటి ఏడాదే, ఇలా చేయకండి అని నేర్పే సంగతి అది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు పళ్లక్క మైనం కత్తిని దీపం మీద వేడిచేసింది. రెండు చుక్కల మైనం చాలు. ఆ రెండు చుక్కలు వేసి, నునుపు చేసి, మధ్యలో సూదిమొనతో గీత గీసింది. పందొమ్మిదేళ్లలో కావాలని చెడగొట్టిన మొదటి పని. చెయ్యి వణకలేదు. వణకలేదని తర్వాత చాలా రోజులు ఆమెకు గుర్తుండిపోయింది.

ఎన్నికకు ముందు రోజు ఆయన సెట్టు తీసుకున్నప్పుడు డాక్టరమ్మ వేరే కేసులో ఉంది. మాట్లాడితే సన్నగా ఈల వస్తోందన్నా, ఎలాగూ మొదటిసారి కదా, నాలుగు రోజులు వాడితే నాలుక అలవాటు పడుతుందని జూనియరు డాక్టరు చెప్పి పంపేశాడు.

ఎన్నిక ఆదివారం పొద్దున పదింటికి, బిల్డింగు కింద కార్లు నిలిపేచోట. మూడో అంతస్తు ఆవిడ దగ్గర మిక్సీ మూత ఉండిపోయిందని అత్తగారు ఆ రోజే తెచ్చుకోవడానికి బయలుదేరింది. నిదానాన్ని కూడా గొలుసు కట్టి ఆటోలో ఎక్కించింది. పళ్లక్క తోడు వెళ్లింది. ఇద్దరూ గేటు బయట నిలబడ్డారు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. సెక్రటరీగారు ఇస్త్రీ చొక్కాలో మైకు ముందుకు వచ్చి, గొంతు సవరించుకున్నారు.

"సొసైటీ సభ్యులందరికీ సుస్వాగతం!"

ఐదు ఈలలు. మైకులోంచి వచ్చేసరికి ఒక్కొక్కటీ గోడలకు కొట్టుకుని రెండింతలైంది. ముందు వరసలో ఎవరో తల తిప్పి ఈల వేసిందెవరా అని వెనక్కి చూశారు. నిదానం చెవులు నిక్కబొడుచుకుంది. ఎదురుగా టీ కొట్టు కింద పడుకున్న ఎర్రకుక్క లేచింది.

"సోదర సోదరీమణులారా! సెక్రటరీగా సంవత్సరాలుగా సేవ చేస్తూ..."

ఎర్రకుక్క గేటు సందులోంచి దూరి లోపలికి పరిగెత్తింది. దాని వెనక వీధి మలుపులో ఉండేవి రెండు, చెత్తకుండీ దగ్గరిది ఒకటి. నాలుగూ వెళ్లి మైకు ముందు బారుగా కూర్చుని, తోకలు ఊపుతూ ఆయన మొహంలోకి చూడసాగాయి. ఎవరో ఒకరు ముక్కులోంచి నవ్వారు. ఆ నవ్వు వరస వరసకూ పాకింది.

"పోండి! పోండి!" అన్నారాయన. అందులో ‘స’ లేదు కాబట్టి అవి కదల్లేదు.

ఆయనకు సంగతి అర్థమైంది. ‘స’ లేని మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "మన... భవనంలో... ఉండే... పెద్దలందరూ..." అని ఒక్కో మాటా ఏరుకుంటూ నాలుగడుగులు నడిచారు. నుదుటి మీద చెమట పట్టింది. "నేను... మీ..." అని ఆగి, గత్యంతరం లేక "సెక్రటరీని" అనేశారు. నాలుగు కుక్కలూ ఒక్కసారిగా లేచి నిలబడి మొరిగాయి. గేటు బయటి నుంచి, ఏడాదిగా నోరు విప్పని నిదానం కూడా భౌ అంది.

వెనక నుంచి, ఆయనకు పోటీగా నిలబడ్డ లెక్కల మాస్టారు లేచి, "కుక్కలకు ప్రవేశం లేదని నోటీసు పెట్టి, మీరే ఈలేసి పిలిస్తే ఎలాగండీ?" అన్నాడు. ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. ఓట్లలో లెక్కల మాస్టారే గెలిచాడు.

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మిక్సీ మూత సంగతే మరిచిపోయింది. పళ్లక్క నవ్వలేదు. ఇంటికి వెళ్లి, ఐదు నెలల్లో మొదటిసారి మారు వడ్డించుకుని తింది.

సోమవారం పొద్దున ఆయన క్లినిక్కుకు వచ్చారు. డాక్టరమ్మ సెట్టు తీయించి, కడిగి, ముందు పళ్ల వెనక బొటనవేలు పెట్టి తడిమింది. సెట్టు పట్టుకుని వెనక గదికి వచ్చి తలుపు వేసింది.

"ట్రయల్‌లో ఇది లేదు. ఎలా వచ్చింది?"

"నేనే పెట్టాను మేడమ్. కావాలనే."

పళ్లక్క జరిగిందంతా చెప్పింది. బుట్ట, బెల్టు చిల్లు, రుమాలు. డాక్టరమ్మ నిలబడే విన్నది.

"ఆయన ఎంత చెడ్డవాడైనా కావచ్చు. అది మనిషి నోరు. నీ చేతి మీద నమ్మకంతో నేను సంతకం పెట్టాను. నువ్వు చెడగొట్టింది నా సంతకాన్ని కూడా, తెలుసా?"

ఆ మాట పళ్లక్కకు గుచ్చుకుంది. ఆ సంగతి ఆమె నిజంగానే ఆలోచించలేదు.

"మొదటి నుంచి కొత్తగా చెయ్. నీ సెలవుల్లో చెయ్. ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఈ గదిలో నువ్వుండవు. జరిగింది ఆయనకు నువ్వే చెప్పాలి" అంది డాక్టరమ్మ. తలుపు దగ్గర ఆగి, "నేను బయటికెళ్లి కాఫీ తాగి వస్తాను. పది నిమిషాలు పడుతుంది" అని వెళ్లింది.

పళ్లక్క సెట్టు తీసుకుని ముందు గదిలోకి వచ్చింది. ఆయన కుర్చీలో వాలి ఉన్నారు, మెడ కింద కాగితం గుడ్డ. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, మాస్కు కిందికి దించింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"మీ ఈల నేను చేసిందేనండీ."

బోసినోట్లో మాటలు మెత్తగా, తడిగా, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కేసు పెడతానన్నారు, నీ ఉద్యోగం ఊడగొడతానన్నారు.

"పెట్టండి. మేడమ్‌కు అంతా చెప్పేశాను. పోతే పోతుంది." ఆమె సెట్టును అరచేతిలో తిప్పుతూ చూసింది. "కొత్తది చేయమన్నారు, చేస్తాను. నా సెలవు రోజుల్లో చేయాలట. ఎన్ని సెలవులు పడుతుందో నా చేతుల్లో ఉంది. మూడు ఆదివారాలు పట్టొచ్చు, ముప్ఫై పట్టొచ్చు. మా పిల్లిని ఏం చేశారు?"

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆమె ఎదురుచూసింది. ఎదురుచూడడం ఆమెకు బాగా వచ్చు, ప్లాస్టిక్ గట్టిపడేదాకా కూర్చునే మనిషి.

"పాత పేపర్ల వ్యాను" అన్నారు చివరికి. "ఆ రోజే వచ్చింది. సంచిలో వేసి ఇచ్చాను. దూరంగా వదిలేయమన్నాను. ఊరి చివర... పేపరు గోడౌన్ ఉంది. అక్కడ."

"ఎందుకు? మేము ఖాళీ చేసి పోతున్నాం కదా. ఇంకో గంటలో పోయేవాళ్లమే కదా."

ఆయన మెడ కింది కాగితం గుడ్డ సర్దుకున్నారు. తర్వాత చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు అన్నారు. "అది నన్ను చూసి లేచేది కాదు. ఒక్కసారి కూడా లేవలేదు."

పళ్లక్క సెట్టును గిన్నెలో పెట్టి లేచి నిలబడింది. ఏదైనా గొప్ప కారణం ఉంటుందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఇంత చిన్నదాని కోసమా అనిపించి, కోపం ఇంకా పెరిగింది.

ఆ ఆదివారం ఆమె, అత్తగారు ఊరి చివరికి ఆటోలో వెళ్లారు. గోడౌన్లో పాత కాగితాల కట్టలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నేల మీద ఓ పదిమంది ఆడవాళ్లు కూర్చుని రంగు కాగితాలు, తెల్ల కాగితాలు వేరు చేస్తున్నారు. వాళ్లలో పెద్దావిడ ఫొటో చూసింది.

"ఇదా? ఇది మా ఇన్‌స్పెక్టరు. అందరూ పని చేస్తున్నారో లేదో చూస్తూ తిరుగుతుంది. మీదా?"

"మాదే" అంది పళ్లక్క.

"ఎవడో వ్యానులోంచి విసిరేసి పోయాడు. గోనెసంచి మూతి తాడుతో కట్టేసి మరీ. కట్టల మధ్య పడిపోయింది, మాకు కనబడలేదు. రెండో రోజు అరుపు విని తీశాం. వెనక కాలు విరిగింది. మేమే పుల్ల పెట్టి కట్టాం. వంకరగా అతుక్కుంది పాపం."

పిల్లి ఎత్తైన కట్ట మీద కూర్చుని ఉంది. బాగా చిక్కింది, ఒక చెవి కొస లేదు. "పెత్తనం!" అని పళ్లక్క పిలిచింది. అది ఆమెను చూసి, తల తిప్పుకుంది. ఇంకోసారి పిలిచింది. కదల్లేదు. పళ్లక్క అక్కడే ఓ కట్ట మీద కూలబడిపోయింది.

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకు వచ్చింది. "ఏమే, దిగుతావా లేదా? ఎన్నాళ్లు తిరుగుతావు ఊళ్లంట? నాకసలు పిల్లులంటేనే పడదు!"

పిల్లి లేచింది. కుంటుకుంటూ ఒక్కో కట్టా దిగి వచ్చి, ఆవిడ చెప్పు మీద కూర్చుంది. అత్తగారు వంగి దాన్ని ఎత్తుకోబోయి, వంగినది వంగినట్టే ఉండి ఏడ్చింది.

"తీసుకుపోతారా?" అంది పెద్దావిడ. "మరి ఎలకల్ని ఎవరు పడతారు, మీరొస్తారా వదినా?" నవ్వుతూనే అంది గాని, తాను కూర్చున్న గోనెపట్టా తీసి పిల్లి కిందికి పరిచింది.

కొత్తింట్లో పెత్తనం మూడు గదులూ తిరిగి చూసింది. నిదానం మెల్లగా వచ్చి వాసన చూడబోతే ముక్కు మీద ఒక్కటిచ్చింది. కుక్క తోక ఊపుతూ పక్కనే పడుకుంది.

రెండో సెట్టు మూడు ఆదివారాలు పట్టింది. మైనం పోస్తుంటే తాడుతో కట్టిన సంచి మూతి కనబడేది. చీకట్లో రెండు రోజులు. కాలు విరిగి. ఇప్పుడు చెడగొట్టాలంటే ఆమెకు ఈల ఒక్కటే కాదు, ఇంకా పది దారులు తెలుసు. నమిలినప్పుడల్లా చిగురు నొక్కుకునేలా చేయొచ్చు. నవ్వినప్పుడల్లా జారేలా చేయొచ్చు. ఎవరికీ తెలియదు, డాక్టరమ్మ వేలికి కూడా. రెండో ఆదివారం మైనం కత్తి పట్టుకుని అరగంట ఊరికే కూర్చుంది. చివరికి సరిగ్గానే చేసింది. ఆయన మీద మనసు మెత్తబడి కాదు. డాక్టరమ్మ మళ్లీ సంతకం పెడుతుంది, ఆ సంతకం కోసం.

పెట్టి చూసే రోజున డాక్టరమ్మ పక్కనే నిలబడింది. "సన్నసన్నని సూదులు" అన్నారాయన. గాలి సాఫీగా పోయింది. ఆవిడ తల ఊపి, ఫోన్ మోగితే అవతలికి వెళ్లింది.

ఆయన అద్దం దించారు. నెల రోజుల్లో ఆయనకు నోటీసులు అంటించే పని పోయిందని, మెట్ల మీద ఆయన్ని చూసి ఎవరూ లేవడం లేదని అత్తగారు మూడో అంతస్తు ఆవిడ ద్వారా విన్నది. ఆయన పళ్లక్కను చూసి, కాసేపు తటపటాయించి, స్పష్టంగా అన్నారు. "క్షమించండి."

"రెండు రోజులు సంచిలో ఉందండీ. మూతి కట్టేసి. కాలు విరిగింది."

"నేను మూతి కట్టమనలేదు."

"విప్పమని కూడా అనలేదు కదా."

ఆమె నీళ్ల గ్లాసు అందించింది.

"పుక్కిలించి ఉమ్మండి. వారం దాకా గట్టివి కొరక్కండి. నొప్పి ఉంటే రండి, సరిచేస్తాను. క్షమించడం మాత్రం నా వల్ల కాదు."

ఆయన పుక్కిలించారు, ఉమ్మారు, మెడ కింది కాగితం తీసి ఎక్కడ పడేయాలో తెలియక చేతిలోనే నలుపుతూ వెళ్లిపోయారు. ఆమె కుర్చీ తుడిచి, తలుపు తీసి, బయట బల్ల మీద కూర్చున్న తర్వాతి మనిషిని లోపలికి రమ్మంది.